పండించువాడును వండుకొనువాడును: రైతు బజారు గుఱించి కొన్ని మాటలు

“అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి” యను సామెత మన పెద్దలు ఏనాడో చెప్పినది. ఏర్పేడు చుట్టుపట్ల కూరగాయలు పండించు రైతునకు ఈ సామెతకు అర్థము నిఘంటువులో వెదకుకొన నక్కరలేదు. తెల్లవారుజామున నాలుగు గంపల వంకాయలు మండీలో దించి, అక్కడివారు చెప్పిన ధరకు తలయూచి, ఇంటికి మరలివచ్చు దారిలో అవే వంకాయలు తోపుడు బండిమీద రెట్టింపు ధరకు అమ్ముచుండగా చూడని రైతు మనలో ఎవ్వడును లేడు. అమ్మినవాడు చాలలేదని ఏడ్చుచున్నాడు. కొన్న గృహిణి హెచ్చైనదని ఏడ్చుచున్నది. ఇద్దఱును ఒక్క వంకాయను గుఱించియే ఏడ్చుచుండినను, ఒకరి ముఖ మొకరు చూచుకొన్నది లేదు. వీరిద్దఱిని ఎదురెదురుగా నిలువబెట్టుటకై పుట్టినదే రైతు బజారు. అది ఎట్లు పని చేయును, ఎవరికి లాభకరము, ఎవరికి కాదు, దానివలన మేలు పొందుటకు మన సంఘ సభ్యులు చేయవలసిన దేమి యనునవి ఈ వ్యాసమున వివరింప బూనితిమి.

రూపాయి ఎక్కడికి పోవుచున్నది?

రిజర్వు బ్యాంకువారు 2024వ సంవత్సరమున కొన్ని పరిశోధన పత్రములను ప్రకటించిరి. వాని ప్రకారము, కొనువాడు టమాటాలకై ఇచ్చిన రూపాయిలో రైతునకు చేరునది సుమారు 33 పైసలు. ఉల్లికి 36 పైసలు. బంగాళాదుంపకు, అనగా మన ఉర్లగడ్డకు, 37 పైసలు. తక్కిన పైసలు ఏమైనవి? దళారి మ్రింగెనని వెంటనే చెప్పుట సులభము. మేమును కొన్నాళ్ళు అట్లే చెప్పితిమి. కాని న్యాయముగా విచారించినచో ఆ పైసలలో కొన్ని నిజముగా జరిగిన పనులకు కూలియే.

సరకును పల్లె పల్లె తిరిగి ప్రోగుచేయువా డొకడు కావలెను. లారీ బాడుగ ఎవ్వరో ఇయ్యవలెను. మూటలు ఎత్తి దించు హమాలీకి కూలి ఇయ్యవలెను. దారిలో నలిగినది, ఎండకు వాడినది, కుళ్ళినది ఎవ్వరో ఒకరు నష్టపడవలెను. పెద్ద మూటను విప్పి అరకిలో, పావుకిలో చొప్పున ఇంటింటికి తూచి ఇచ్చువా డుండవలెను. వీనికితోడు, విత్తనములకును ఎరువులకును రైతునకు ముందుగా అప్పిచ్చువాడు పెక్కుచోట్ల ఆ మండీ యజమానియే. ఇవి కాక కమీషను హెచ్చుగా పట్టుట, తరుగు పేరిట తూనికలో కోయుట, అప్పు తీరువఱకు మఱియొకరికి అమ్మరాదని కట్టుబాటు చేయుట యను అన్యాయములును గలవు.

కావున మొదట మనసున నాటుకొనవలసిన మాట యిది: మధ్యవర్తిని తొలగింపవచ్చును గాని మధ్యనున్న పనిని తొలగింపజాలము. అతడు చేయుపని రైతుగాని, కొనువాడుగాని, సంఘముగాని చేసితీరవలెను. ఆ పనిని మనము తక్కువ ఖర్చుతో చేయగలిగిననే మిగులు మన చేతికి వచ్చును.

సంతనుండి రైతు బజారు వఱకు

రైతు తానే తెచ్చి తానే అమ్ముకొనుట మనకు క్రొత్త కాదు. వారమున కొకసారి జరుగు సంత మన తాతలనాటిది. పట్టణములు పెరిగి, కొనువారు దూరమైన కొలది సంతస్థానమును మండీ ఆక్రమించెను. మండీలలోని మోసములను అరికట్టవలెనని 1928లో వెలువడిన రాయల్ వ్యవసాయ కమీషను నివేదిక చెప్పినది. మద్రాసు రాష్ట్రమున 1933లో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టము వచ్చెను. ఆంధ్రప్రదేశమున 1966లో వ్యవసాయోత్పత్తుల మార్కెట్ల చట్టము వచ్చి, మార్కెటు కమిటీ లేర్పడెను. ఇవన్నియు వేలమును తూనికను చక్కబరుచుటకు తోడ్పడినవి. అయినను రైతునకును గృహిణికిని నడుమనున్న దూరము తగ్గలేదు.

ఆ దూరమును తగ్గించు ప్రయత్నము 1987లో పంజాబు రాష్ట్రమున “అప్నీ మండీ” యను పేర, అనగా “మన మండీ” యను పేర, మొదలాయెను. మన రాష్ట్రమున 1999 జనవరి 26వ తేదీన నాటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడుగారి ప్రభుత్వము రైతు బజార్లను ప్రారంభించెను. అదే సంవత్సరము నవంబరు 14వ తేదీన మన పొరుగున తమిళనాట మధురలో మొదటి “ఉళవర్ సందై” తెఱవబడెను. ఆ మాటకును రైతు సంత యనియే అర్థము. సముద్రములకు ఆవల న్యూయార్కు మహానగరమున సయితము 1976లో “గ్రీన్ మార్కెట్” అను పేర రైతుల సంతలు వెలసినవి. ధనిక దేశమైనను, బీద దేశమైనను, రైతు బాధ యొక్కటే. దానికి తోచిన మందును ఒక్కటే.

పని జరుగు విధము

రైతు బజారునకు పట్టణము నడుమ, జనము సులభముగా వచ్చుచోట, సుమారొక ఎకరము ప్రభుత్వ స్థలము కావలెనని మొదట నిర్ణయించిరి. రెవెన్యూ, వ్యవసాయ, ఉద్యానశాఖల యుద్యోగులు గ్రామములకు పోయి, నిజముగా కూరగాయలు పండించువారిని గుర్తించి, వారికి ఛాయాచిత్రముతో గూడిన గుర్తింపు కార్డు లిత్తురు. కార్డు లేనివాడు రైతుగా కూర్చుండరాదు. కాటాలను బజారువారే ఇత్తురు. స్థలమునకు బాడుగ లేదు. బజారును నడుపుటకు ఎస్టేటు ఆఫీసరు అను నుద్యోగి యుండును. రైతులు గంపలతో వచ్చుటకు ఆర్టీసీ బస్సులను కొన్ని మార్గములలో ఏర్పాటు చేసిరి. స్వయం సహాయక సంఘముల స్త్రీలకును కొన్ని అంగళ్ళు కేటాయించిరి.

అన్నిటికంటె ముఖ్యమైనది ధర నిర్ణయము. ప్రతిదినము ఉదయమున అధికారియు రైతు ప్రతినిధులును కూడి, ఆనాటి టోకు ధరను, చిల్లర ధరను విచారించి, ఆ రెంటికి నడుమ ఒక ధరను నిర్ణయించి, పలకమీద వ్రాయింతురు. టోకు ధరకు నూటికి 25 వంతున హెచ్చుగను, చిల్లర ధరకు నూటికి 25 వంతున తక్కువగను ఉండవలెననుట దీనికి సామాన్య సూత్రము. మండీలో 20 రూపాయలు, బండిమీద 40 రూపాయలు పలుకు వంకాయ రైతు బజారులో 25కును 30కిని నడుమ నుండునన్నమాట. పలకమీది ధరను అందఱును చదువగలరు గనుక బేరమునకును, మోసమునకును చోటు తగ్గును.

ఖర్చు వ్రాయని లెక్క

మేము చదివిన మిషను పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయులు, “ఖర్చు వ్రాయని లెక్క లెక్కయే కాదు” అని పలుమారు చెప్పెడివారు. కావున పై ధరను మాత్రము చూచి సంతోషపడక, 100 కిలోల వంకాయలకు లెక్క వేయుదము. ఈ అంకెలు ఉదాహరణకై మేము అనుకొన్నవి. మీ ఊరి బాడుగను, మీ ఊరి కూలిని వేసికొని మీరును ఇట్లే లెక్క వేసికొనవలెను.

మండీలో: కిలో 20 రూపాయల చొప్పున 2,000 రూపాయలు. కమీషను 200, తరుగు నాలుగు కిలోలకు 80, హమాలీ 40, తోడివారితో కలిసి పంపిన బాడుగ 100. మొత్తము ఖర్చు 420 పోగా మిగిలినది 1,580 రూపాయలు. రైతు ఎనిమిది గంటలకెల్ల ఇల్లు చేరును.

రైతు బజారులో ఒంటరిగా: 80 కిలోలు 26 రూపాయల చొప్పున అమ్మగా 2,080. సాయంకాలమునకు వాడిన 15 కిలోలు 15 రూపాయల చొప్పున 225. అయిదు కిలోలు వృథా. వచ్చినది 2,305. బాడుగ 200, దినమంతయు కూర్చున్నందుకు కూలి 500, టీ, సంచులు మొదలగు చిల్లర ఖర్చులు 55. మొత్తము 755 పోగా మిగిలినది 1,550 రూపాయలు.

చూచితిరా? ఒంటరిగా పోయిన రైతునకు మండీకంటె 30 రూపాయలు తక్కువయే వచ్చినది! చాలమంది రైతులు రెండు దినములు రైతు బజారునకు పోయి మూడవ దినము మానుకొనుటకు కారణ మిదియే. వారు సోమరులు కారు. లెక్క వేయకయే లెక్క తెలిసినవారు.

ఇప్పుడు అయిదు కుటుంబములు కలిసినవనుకొనుడు. ఒక బండిలో 500 కిలోలు పోవును. అమ్ముటకు ఇద్దఱు చాలుదురు. అమ్మకము పై లెక్కకు అయిదింతలు, అనగా 11,525. బాడుగ 700, ఇద్దఱి కూలి 1,000, చిల్లర ఖర్చు 125. ఈ 1,825 పోగా మిగిలినది 9,700. ఒక్కొక్క కుటుంబమునకు 1,940 రూపాయలు. మండీకంటె 360 రూపాయలు హెచ్చు. తక్కిన ముగ్గురు ఆ దినము తమ తోటలో పని చేసికొందురు. గృహిణికి సయితము కిలోకు 14 రూపాయలు మిగిలినవి. భూమి మారలేదు, విత్తనము మారలేదు, పలకమీది ధర మారలేదు. కూడుట యొక్కటియే మారినది. సహకార మనగా ఇంతకంటె వేఱు నిర్వచనము అక్కరలేదని మా అభిప్రాయము.

మేము చేసిన పొరపాటు

ఇంతవఱకు చెప్పినది సులభముగా తోచవచ్చును. మేము దెబ్బతిన్న సంగతి యొకటి చెప్పకున్న ఈ వ్యాసము సత్యము కానేరదు. కొన్నేండ్ల క్రిందట స్వర్ణముఖి యేటి యొడ్డునగల ఒక గ్రామమున, పై లెక్కను నమ్మి, పండ్రెండు కుటుంబములవారిని ఒక గుంపుగా చేర్చితిమి. అందఱికిని మంచి వంగనారు తెప్పించి, ఒకే వారమున నాటించితిమి. పైరు మేము చెప్పినదానికంటెను చక్కగా వచ్చెను. అందఱి తోటలును ఒకేసారి కాపునకు వచ్చెను. బండినిండ వంకాయలతో పట్టణము చేరితిమి. తక్కిన గ్రామములనుండియు ఆ వారమున వంకాయలే వచ్చినవి. మధ్యాహ్నమునకు మా గంపలలో సగమైన తరుగలేదు. సాయంకాలము ధర తగ్గించినను కొనువారు లేరు. మిగిలినదానిని మరల మోసికొనిపోవుటకు బాడుగ దండుగయని అక్కడనే పశువులకు వేసి వచ్చితిమి.

ఆ గుంపులో కౌలుకు కయ్య తీసికొని సాగుచేయు నొక పెద్దామె యుండెను. చెవికమ్మలు కుదువబెట్టి ఎరువులు కొన్నది. ఆమె మమ్ము తిట్టలేదు. బండి దిగునప్పుడు మాత్రము, “అయ్యా, పన్నెండిండ్లకూ ఒకే కూర చెప్తిరి. పట్నమోళ్ళు దినామూ వంకాయే తింటారా?” అని యడిగెను. మేము చదివిన చదువులో ఆ ప్రశ్నకు జవాబు లేకపోయెను. ఆ కమ్మలు విడిపించుటకు ఆమెకు రెండు పంటలు పట్టినవి. దానికి బాధ్యత వానది కాదు, మండీది కాదు, మాదియే.

మఱుసటి పంటకు ఆమె మాటనే సూత్రముగా గైకొంటిమి. ముందు కూరగాయలు కొనువారి వంటింటిని లెక్కించి, ఆ మీదట నారు పోయవలెను. ఒక ఇంటివారు బెండ, ఒకరు బీర, ఒకరు గోరుచిక్కుడు, ఇద్దఱు ఆకుకూరలు, చలికాలమున కొందఱు అనపకాయలు వేయునట్లు పంచుకొంటిమి. ఒకే పైరునైనను పదునైదు దినములకొక మడి చొప్పున వేయించితిమి. తోటకూర విత్తిన నెలలోపలనే చేతికి వచ్చును. బెండ సుమారు నలువదియైదు, ఏబది దినములకు కాయును. టమాటా, వంగ నాటిన రెండు నెలలు దాటిన పిమ్మటగాని కోతకు రావు. ఈ గడువులను పంచాంగమువలె ఒక కాగితముమీద వ్రాసి గోడకు అంటించుకొన్నచో, ఏ వారమున ఏది ఎంత వచ్చునో ముందే తెలియును. అప్పటినుండి ఆ గుంపు బండిలో ఎనిమిది, తొమ్మిది విధముల కూరలు పోవుచుండెను. ఒకచోట అన్నియు దొరకుటచే గృహిణులు మా అంగడికే రాసాగిరి.

సరకును సిద్ధపరచుట

ఎండలో కోసినది సాయంకాలమున కోసినదానికంటె త్వరగా వాడును. కావున చల్లని వేళ కోసి, వెంటనే నీడకు చేర్చవలెను. ఆకుకూరల కట్టలను శుభ్రమైన నీటితో తడిపిన గోనెపట్టతో కప్పవలెను. కాలువలోని మురికినీరు చల్లరాదు. పుచ్చులను, ముదురు కాయలను ఇంటివద్దనే ఏరివేయవలెను. గంపపైన మంచివి, క్రింద చెడ్డవి పెట్టి అమ్మిన రైతు దళారికంటె హీనుడు; ఏలయన దళారి ముఖము గృహిణి చూడదు, రైతు ముఖమును ఆమె మఱువదు. పురుగుమందు చల్లినచో డబ్బామీద వ్రాసిన గడువు దాటువఱకు కోయరాదు. మన కూరలు తినునది ఎవరో తెలియనప్పుడే ఇది పాపము. కన్నులయెదుట బిడ్డ నెత్తుకొని నిలిచిన తల్లికి అమ్మునప్పుడు చెప్పనేల?

రైతు బజారు చేయలేని పనులు

మందు ఎంత మంచిదైనను సర్వరోగములకు పనికిరాదు. వడ్లు, వేరుసెనగ, చెఱకు, టన్నులకొలది వచ్చు మామిడి యిట్టి పంటలకు రైతు బజారు చాలదు. వానికి మిల్లులు, గిడ్డంగులు, సంఘముల ద్వారా టోకు అమ్మకము కావలెను. మదనపల్లె టమాటా మార్కెటును చూడుడు. అచ్చటినుండి లారీలకొలది కాయలు దూర రాష్ట్రములకు పోవును. 2023 జూలైలో అచ్చట కిలో ధర నూరు రూపాయలు దాటెను. ఆ దినములలో ప్రభుత్వము టమాటాలు కొని రైతు బజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మించి కొనువారి నాదుకొనెను. అదే సంవత్సరము సెప్టెంబరునకు ధర కూలిపోయెను. అంతటి వఱదను పట్టణపు రైతు బజారు ఆపజాలదు. పట్టణమునకు దగ్గఱగా, కొలదిపాటి భూమిలో, పలువిధముల కూరలు పండించు చిన్నరైతునకే అది నిజమైన చుట్టము.

మఱియొక కీడును దాచరాదు. కొన్నిచోట్ల రైతు కార్డుతో వ్యాపారి కూర్చుండి, మండీలో కొన్న సరకును అమ్మునను ఫిర్యాదులు తఱచు వినబడుచున్నవి. ఆ కార్డు అతనికి ఎట్లు వచ్చినది? మనలో ఒకడు ఇచ్చినందుననే గదా! “తిలా పాపం తలా పిడికెడు” అన్నట్లు, కార్డు బాడుగకు ఇచ్చిన రైతుకును అందులో పాలు గలదు. అట్టి కార్డు ఒక్కటి పది మంది నిజమైన రైతుల చోటును తినివేయును. సంఘ సభ్యులు దీనిని తమ పరువునకు సంబంధించినదిగా ఎంచవలెను.

ఏర్పేటివారికి ప్రత్యేకముగా

మన ఏర్పేడు తిరుపతికిని శ్రీకాళహస్తికిని నడుమ రాజమార్గముమీద నున్నది. ఇరుప్రక్కల యాత్రాస్థలములు. రైలు గలదు, బస్సులు గలవు. 1926లో మలయాళ స్వాములవారు స్థాపించిన వ్యాసాశ్రమము మన యూరిలోనిదే. 2015లో తిరుపతికి వచ్చిన ఐఐటీ, ఐసర్ అను రెండు గొప్ప విద్యాలయములును నేడు మన మండలములోనే శాశ్వత భవనములు కట్టుకొన్నవి. అనగా కొనువారిని వెదకికొని మన మొకప్పుడు పట్టణమునకు పోవుచుండగా, ఇప్పుడు కొనువారే మన పొలముల ప్రక్కకు వచ్చి కాపురముండిరి. విద్యార్థుల భోజనశాలలకును, ఉద్యోగుల ఇండ్లకును దినదినము కూరగాయలు కావలెను. అవి దూరపు మండీనుండి లారీలో రావలెనా, రెండు మైళ్ళ దూరములోని మన తోటనుండి రావలెనా యనునది మన కట్టుదిట్టముమీద ఆధారపడి యున్నది.

భోజనశాలవారు ఒకనాడు నూరు కిలోలు, మఱునాడు పది కిలోలు తెచ్చువానిని నమ్మరు. ప్రతిదినము చెప్పిన వేళకు, చెప్పిన తూకము ఇచ్చువానినే నమ్ముదురు. ఒంటరి రైతునకు ఇది అసాధ్యము. పది కుటుంబముల గుంపునకు సాధ్యము. గుంపు పెద్దదైనచో 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము క్రింద చేరి, తన పేరిట బ్యాంకు ఖాతా తెఱచి, లెక్కలు వ్రాసికొనవచ్చును.

కావున సభ్యులు ఈ నెలలోనే చేయదగిన పనులు కొన్ని సూచించుచున్నాము.

మొదటిది: ఒకే దారిమీదగల అయిదు మొదలు పది కుటుంబములు గుంపుగా చేరవలెను.

రెండవది: నారు పోయకముందే ఎవ రేమి, ఏ వారమున వేయవలెనో వ్రాసికొనవలెను.

మూడవది: పైన చూపినట్లు మండీ లెక్కను, బజారు లెక్కను ప్రక్కప్రక్కన ఒక నెలపాటు వ్రాయవలెను. లాభము లేదని తేలినచో మండీకే పంపవలెను. ఇందు సిగ్గు లేదు.

నాలుగవది: రైతు కార్డు లేనివారు వ్యవసాయ, ఉద్యానశాఖల యుద్యోగులను కలిసి అడుగవలెను, ఉన్నవారు దానిని ఎవరికిని ఇయ్యరాదు.

అయిదవది: మండీలో అప్పున్నవారి పేర్లు సంఘమునకు తెలుపవలెను. అప్పుతో కట్టువడిన రైతునకు రైతు బజారు తలుపు తెఱచియున్నను లాభము లేదు. పంట అప్పు సంఘమునుండి దొరకినప్పుడే అతడు తన సరకును తనకు నచ్చినచోట అమ్ముకొనగలడు.

ఆ పెద్దామె కమ్మలు మరల ఆమె చెవులకు వచ్చినవని పైన చెప్పితిమి. ఇప్పటికిని మేము ఏ గ్రామమునకు పోయి నారు పంచబోయినను, ముందుగా ఆమె యడిగిన ప్రశ్ననే మమ్ము మేము అడుగుకొనుచున్నాము. మీరును విత్తనము చేతబట్టకముందు, దానిని వండుకొనబోవు ఇల్లాలిని ఒక్కసారి తలచుకొనుడు. ఆమెకును మీకును నడుమ నడచుటకు దారి యున్నది. ఆ దారిని ఒంటరిగా నడచినవాడు అలసిపోవును. పదుగురు కలిసి నడచినచో అది బండిబాట యగును.